ఒక్క ‘ఆయ్’, రెండు ఫ్రీ త్రోలు

గోదావరి జిల్లాలవారికి ‘ఆయ్’ అనే మాటను గురించి చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం కొంచెం చెబుతాను. పెద్దవారో, కొత్తవారో ఏదైనా అడిగినప్పుడు ‘అవునండీ’ అనడానికి బదులు మావాళ్ళు ‘ఆయ్’ అంటారు. అంగీకారం, వినయం, ‘తమరు చెబుతూండండి, నేను వింటూనే ఉన్నాను’ అనే భరోసా, ఈ మూడూ ఆ అక్షరమున్నరలో ఇమిడిపోతాయి. అయితే అదే మాటను కొద్దిగా సాగదీసి, తలను ఒకపక్కకు వాల్చి పలికితే అర్థం పూర్తిగా తలక్రిందులవుతుంది. అప్పుడది వినయం కాదు, వెటకారం. రెంటికీ నడుమ ఉన్న తేడా ఎంతంటే, వ్యాకరణంలో ప్లుతమంటారే, ఇంచుమించు అంత.

అంత చిన్న తేడాను విని, విన్నదాన్ని నమ్మి, ఒక జట్టు చేతిలో ఉన్న ఫైనల్‌ను జారవిడిచేలా చేసినవాణ్ణి నేను. చాలాకాలంగా వ్రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది.

ఉద్యోగరీత్యా నేను బ్యాంకు గుమాస్తాను. సెలవు దినాలలో బాస్కెట్‌బాల్ రిఫరీని. కోనసీమలో వాలీబాల్‌కూ, కబడ్డీకీ ఉన్న ఆదరణ ఈ ఆటకు ఎన్నడూ లేదు. అయినా హైస్కూలులో మా డ్రిల్లు మాస్టారు మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి కావడం వల్ల మాకిది అబ్బింది. ఆయన చదివిన వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ కళాశాలను 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ స్థాపించాడు. దక్షిణాదిన ఎన్నో పాఠశాలల్లో కొబ్బరిచెట్ల మధ్యా, చింతచెట్ల మధ్యా రెండు ఇనుప రింగులు వెలిశాయంటే అందులో ఆ కళాశాల పుణ్యం చాలా ఉన్నది. ఆడే వయసు దాటాక ఆట మీద మమకారం చావక రిఫరీ పరీక్ష వ్రాసి, ఈల మెడలో వేసుకున్నాను. బ్యాంకులో నన్ను పేరు పెట్టి పిలిచేవారు గాని, మైదానంలో మాత్రం పిల్లలందరికీ నేను ‘మాస్టారు’నే.

2009 జనవరి, సంక్రాంతి రోజులు. అమలాపురానికి దగ్గరలోని ఒక ఊళ్ళో హైస్కూలు ఆవరణలో టోర్నమెంటు. ఫైనల్ ఆఖరి క్వార్టరు. ఆట ముగియడానికి ఇంకా 9 సెకన్లు ఉన్నాయి. నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాసిన స్కోరు 54–53. ఆధిక్యంలో ఉన్న జట్టులో 9వ నంబరు కుర్రవాడు బంతి తీసుకుని దూసుకువెళ్ళాడు. వెళ్ళనక్కరలేదు, బంతి పట్టుకుని నిలబడితే చాలు. కాని పంతొమ్మిదేళ్ళ వయసుకు నిలబడడం తెలియదు కదా! ముందే కాళ్ళు ఊని నిలబడివున్న ప్రత్యర్థి గుండెల మీదికి వెళ్ళి పడ్డాడు. ఈల ఊదాను. ఛార్జింగ్. బంతి ఎదుటి జట్టుకు. అతడికది నాలుగో ఫౌలు.

అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కుర్రవాడు లేచి, చేతులకంటిన సిమెంటు దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, తల ఒకపక్కకు వాల్చి, “ఆ…య్! తమరు ఊదేశాక ఇంకేముందండీ” అన్నాడు.

గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఆ నవ్వు లేకపోతే నేనేమి చేసివుండేవాణ్ణో ఇప్పుడు చెప్పలేను. నా చేతులు వాటంతటవే లేచి ‘టీ’ ఆకారంలో కలిశాయి. టెక్నికల్ ఫౌల్.

ఆటతో పరిచయం లేనివారికి ఒక్క మాట. మామూలు ఫౌలు శరీరం చేసే తప్పు: త్రోయడం, పట్టుకోవడం, కొట్టడం. టెక్నికల్ ఫౌల్ చాలావరకు శరీరం తగలకుండా జరిగే తప్పు: రిఫరీతో అమర్యాదగా మాట్లాడడం, ఎదుటివాణ్ణి హేళన చేయడం, కావాలని ఆట ఆలస్యం చేయడం వంటివి. సూటిగా చెప్పాలంటే చాలాసార్లు అది నోటికి వేసే జరిమానా. ఆ జరిమానా అప్పట్లో ఎంతో వినండి. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నిబంధనల ప్రకారం ఎదుటి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు, ఆపైన మధ్యగీత దగ్గరనుంచి బంతి కూడా వాళ్ళకే. పైగా ఆ టెక్నికల్ ఆటగాడి ఫౌళ్ళ లెక్కలో కలుస్తుంది. కనుక మన కుర్రవాడికది అయిదో ఫౌలు, అంటే మైదానం వదలి వెళ్ళిపోవాలి. స్కోరు షీటులో అతని పేరు ఎదుట ఇంగ్లీషు అక్షరం ‘టీ’, పక్కన చిన్నగా 2 అంకె పడ్డాయి. ఆ అంకె ఎన్ని ఫ్రీ త్రోలు ఇచ్చామో చెబుతుంది.

ఎదుటి జట్టులో చెయ్యి బాగా కుదిరినవాడు వచ్చి రెండూ వేశాడు. 54–55. తర్వాత వాళ్ళు బంతిని తమలో తాము 9 సెకన్లపాటు విసురుకున్నారు. అంతే.

జనం లేచి వెళ్ళిపోతూండగా గట్టు మీద ఒక ముసలాయన నన్ను ఆపి, ఎంతో మర్యాదగా అడిగారు. “ఏవండీ, ఈ ఆటలో ‘ఆయ్’ అన్నా కూడా ఫౌలేనాండీ?” ఆయన వెటకారం చేయలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ సమాధానం కోసమే తర్వాతి సంవత్సరాల్లో నేను నిబంధనల పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. రిఫరీ పరీక్ష కోసం చదవడం వేరు, ఒక తప్పు చేశానేమోనన్న అనుమానంతో చదవడం వేరు. రెండోసారి చదివినప్పుడు ప్రతి వాక్యమూ మన మొహంలోకి చూస్తూ ఉంటుంది.

మొదటికంటా వెళ్ళాను. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించినప్పుడు వ్రాసిన నియమాలు 13. వాటిలో భుజంతో త్రోయకూడదని, పట్టుకోకూడదని, కాలు అడ్డుపెట్టకూడదని, కొట్టకూడదని ఉన్నది. మొదటిసారి చేస్తే ఫౌలు. రెండోసారి చేస్తే తర్వాతి గోలు పడేవరకు ఆ మనిషి బైట ఉండాలి. గాయపరచాలనే ఉద్దేశం కనబడితే ఆట మొత్తానికీ బహిష్కారం, అతనికి బదులు మరొకరిని దింపడానికి కూడా వీల్లేదు. ఒక జట్టు పదేపదే ఆట ఆలస్యం చేస్తూంటే ఫౌలు ఇవ్వాలని కూడా ఉన్నది. నోటి మాట గురించి మాత్రం ఆ పదమూడింటిలో ఎక్కడా లేదు. ఆ తొలి ఆటగాళ్ళందరూ మౌనవ్రతులని నేననుకోను. ఒక గురువు తన శిష్యుల కోసం వ్రాసుకున్న నియమాలవి. మాట తూలితే ఏం చేయాలో గురువుకు వేరే నియమం అక్కరలేదు.

ఆట గురువు చేతిలోంచి సంస్థల చేతిలోకి వెళ్ళాక మాటకు ధర కట్టవలసి వచ్చింది. ఆ ధర అన్నిచోట్లా ఒకటి కాదు. మన 9వ నంబరు కుర్రవాడు ఆ ‘ఆయ్’ను అమెరికాలో అని ఉంటే ఏమయ్యేదో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

వృత్తి క్రీడాకారులు ఆడే ఎన్‌బీఏలో అయితే ఒక్కటే ఫ్రీ త్రో. తర్వాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే సాగుతుంది. ఆ టెక్నికల్ ఆటగాడి ఆరు ఫౌళ్ళ లెక్కలో కలవదు, కనుక అతడు బైటికి వెళ్ళనక్కరలేదు. అటువంటివి రెండు పడితేనే ఆటనుంచి పంపివేస్తారు. అయితే లెక్క అక్కడితో తీరదు. ఒక సీజనులో మొదటి అయిదు టెక్నికల్స్‌కు తలా 2,000 డాలర్ల జరిమానా. ఆరునుంచి పదివరకు 3,000. పదకొండునుంచి పదిహేనువరకు 4,000. పదహారోది పడితే 5,000 డాలర్లతో పాటు ఒక ఆట నిషేధం. ఆపైన ప్రతి రెండింటికీ మరో ఆట. రషీద్ వాలెస్ అనే ఆయన 2000–01 సీజనులో 41 టెక్నికల్స్ సంపాదించి చరిత్రకెక్కాడు. వినడానికి ఇదేదో మా బ్యాంకులో వడ్డీ శ్లాబుల పట్టికలా లేదూ? అక్కడ ఆటగాడు జీతగాడు. జీతగాడిని దిద్దవలసింది జీతంలోనని, ప్రేక్షకుడు టిక్కెట్టు కొని చూడవచ్చిన ఆటను వీలైనంత చెడగొట్టకూడదని ఆ పుస్తకం అభిప్రాయం.

కళాశాలల ఆటను నడిపే ఎన్‌సీఏఏ పుస్తకం టెక్నికల్స్‌ను రెండు తరగతులు చేసింది. మర్యాద తప్పడం వంటి పెద్ద తప్పులకు రెండు ఫ్రీ త్రోలు, అవి ఆటగాడి అయిదు ఫౌళ్ళలో కలుస్తాయి. ఆట ఆలస్యం చేయడం వంటి చిన్నవాటికి ఒక్కటే. తప్పులన్నీ ఒక్క బరువువి కావని ఒప్పుకోవడం నాకు నచ్చింది. ఆ కళాశాలల ఆటలోనే 1993 ఏప్రిల్ 5న ఒక విషాదం జరిగింది. నార్త్ కరోలినాతో ఫైనల్లో రెండు పాయింట్లు వెనుకబడి ఉన్న మిషిగన్ జట్టు కుర్రవాడు క్రిస్ వెబర్ ఆట ముగియడానికి 11 సెకన్లు ఉండగా టైమౌట్ అడిగాడు. జట్టుకు టైమౌట్లు అయిపోయాయన్న సంగతి అతనికి ఆ క్షణాన గుర్తు లేదు. లేని టైమౌట్ అడిగినందుకు టెక్నికల్. రెండు ఫ్రీ త్రోలు, బంతి కూడా పోయాయి. 77–71తో ఓడారు. అదే తప్పు మన ఫీబా ఆటలో చేయడానికే వీలుండదు. అక్కడ టైమౌట్ అడిగే హక్కు కోచ్‌కూ, సహాయ కోచ్‌కూ తప్ప ఆటగాడికి లేదు. ఆటగాడు ఎంత అరిచినా ఎవరూ పట్టించుకోరు. ఒక పుస్తకంలో జీవితాంతం వెంటాడే నేరం మరొక పుస్తకంలో గాలిలో కలిసిపోయే కేక.

ఇక హైస్కూళ్ళు. వాటికి మరో జాతీయ సమాఖ్య, మరో పుస్తకం. అన్నిటికంటె కఠినమైనది ఇదే. టెక్నికల్ అంటే రెండు ఫ్రీ త్రోలూ, బంతీ. ఆటగాడి అయిదింటిలో లెక్క. రెండు పడితే బైటికి. చిన్నపిల్లల మీద ఇంత కఠినమేమిటని మొదట అనిపించింది. 2017లో, ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మనవడి స్కూలు ఆట చూసి కొంత అర్థం చేసుకున్నాను.

ఆట మొదలు కాకముందు పిల్లలు బంతితో ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు. ఎదుటి బడి పొడుగు కుర్రవాడొకడు ఉత్సాహం ఆపుకోలేక ఎగిరి, బంతిని రింగులో గుద్ది వేలాడాడు. ఆట ఆరంభానికి పావుగంట ముందునుంచే అక్కడ రిఫరీల అధికారం నడుస్తుంది. ఆ సమయంలో అలా డంక్ చేయడం టెక్నికల్ ఫౌల్. మొదటి జంప్ బాల్ కూడా పడకుండా రెండు ఫ్రీ త్రోలతో ఆట మొదలైంది. నాకు విచిత్రంగా తోచినది అది కాదు. ఆ జట్టు కోచ్ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆట ముగిసేవరకు అరవలేక, లేచి నిలబడి ఒక్క సలహా ఇవ్వలేక, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని అలా కూర్చునే ఉన్నాడు. “ఆయనకేమైనా ఒంట్లో బాగోలేదా?” అని మనవణ్ణి అడిగాను. వాడు నవ్వి చెప్పాడు. ఆట మొదలయ్యేలోపు పిల్లలు చేసే తప్పు కోచ్ ఖాతాలో కూడా పడుతుందట. అలా పడితే ఇక ఆయన తన గీతల మధ్య నిలబడి ఆడించే హక్కు కోల్పోతాడట.

తలవంచుకుని కూర్చున్న ఆ మనిషిని చూస్తూంటే మా డ్రిల్లు మాస్టారు జ్ఞాపకం వచ్చారు. మేము పొరుగూరు ఆటకు వెళ్ళి చేసి వచ్చిన అల్లరికి హెడ్మాస్టరు గదిలో ఆయన అలాగే నిలబడేవారు. బైటికి వచ్చాక మమ్మల్ని ఒక్క మాట అనేవారు కాదు. ఆ మౌనమే మాకు అన్నిటికంటె పెద్ద దెబ్బ. హైస్కూలు పుస్తకం వ్రాసినవారికి ఆ సంగతి తెలుసుననుకుంటాను. ఎన్‌బీఏ జీతగాడి జేబును పట్టుకున్నది. ఈ పుస్తకం పిల్లవాడి తప్పును గురువు కుర్చీకి కట్టింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మనకు ఎన్ని పుస్తకాలు? ఒక్కటే. ఫీబా పుస్తకం. ఒలింపిక్స్‌లో ఆడే మహానుభావుడికీ, కొత్తపేటలోనో రాజోలులోనో అన్నయ్య బూట్లు తొడుక్కుని దిగిన కుర్రవాడికీ అదే పుస్తకం, అదే టెక్నికల్, అవే రెండు ఫ్రీ త్రోలు. చాలాకాలం నేను దీన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. న్యాయమంటే అందరికీ ఒకటే కదా అని. అమెరికావాడి పుస్తకాలు చదివాక నా గర్వం కొంత సడలింది. వాళ్ళు ఆటగాడు ఎవరో చూసి అంతస్తుకొక ధర కట్టారు. మన పుస్తకంలో అంతస్తులు లేవు. అవి ఉండవలసింది ఈల పట్టినవాడి మనసులో.

ఆ చోటు కూడా పుస్తకం ఖాళీగానే వదిలింది, చూసుకోనిది నేనే. రిఫరీ హెచ్చరించి టెక్నికల్‌ను నివారించవచ్చునని, ఉద్దేశపూర్వకం కాదని తెలుస్తున్న, ఆట మీద నేరుగా ప్రభావం లేని చిన్న తప్పులను చూసీచూడనట్లు వదిలివేయవచ్చునని, హెచ్చరించాక మళ్ళీ చేస్తే అప్పుడు ఊదమని ఆనాటి పుస్తకంలోనే ఉన్నది. పరీక్ష కోసం నేను దాన్ని కంఠతా పట్టాను. 9 సెకన్లు మిగిలి ఉండగా గట్టు మీద నవ్వు వినబడినప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు. చేతులు కలిపింది పుస్తకం కాదు, నా అహం.

నవ్వు సంగతి వచ్చింది కనుక ఇంకొక ఉదాహరణ. 2007 ఏప్రిల్ 15న డల్లాస్‌తో ఆటలో శాన్ ఆంటోనియో ఆటగాడు టిమ్ డంకన్ బెంచి మీద కూర్చుని ఉన్నాడు. రిఫరీ జోయీ క్రాఫర్డ్ అతనికి వెంటవెంటనే రెండు టెక్నికల్స్ ఇచ్చి పంపివేశాడు. తాను చేసిందల్లా నవ్వడమేనని డంకన్ అన్నాడు. డంకన్‌కు 25,000 డాలర్ల జరిమానా పడిన మాట నిజమే. కాని కమిషనర్ డేవిడ్ స్టెర్న్ క్రాఫర్డ్‌ను కూడా ఆ సీజనులో మిగిలిన ఆటలన్నిటికీ పక్కన పెట్టాడు. అక్కడ ఈల పట్టినవాడి మీద కూడా ఒక ఈల ఉన్నది. మా టోర్నమెంటులో నా మీద ఎవరున్నారు? గట్టు మీది ముసలాయన ఒక్కరే. ఆయన ఒక్క ప్రశ్న అడిగి ఇంటికి వెళ్ళిపోయారు.

2014లో ఫీబా నిబంధన మారింది. ఆటగాడి టెక్నికల్‌కు రెండు ఫ్రీ త్రోల బదులు ఒక్కటే. స్కోరు షీటులో ‘టీ’ పక్కన 2 పోయి 1 వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు బంతి ఇవ్వడం కూడా మానేశారు. ఆట ఆగినప్పుడు బంతి ఎవరిదో వాళ్ళదే. అయితే మొండిగా తప్పు చేసేవాడికి శిక్ష పెంచారు. 2014నుంచి రెండు టెక్నికల్స్ పడినవాడు ఆటనుంచి వెళ్ళిపోవాలి. మొదటి మాటకు ధర తగ్గింది, రెండో మాటకు పెరిగింది. కావాలని కిందపడి ఫౌలు నటించడానికి కూడా ముందు హెచ్చరిక, తర్వాత టెక్నికల్ అనే పద్ధతి వచ్చింది. మావాళ్ళకు బాగా తెలిసిన వాలీబాల్ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే ఈ దారి పట్టింది. అంతకుముందు అందులో పసుపు కార్డు చూపితేనే ఎదుటివారికి పాయింటు వెళ్ళేది. 2013నుంచి పసుపు అంటే హెచ్చరిక మాత్రమే, పాయింటు పోయేది ఎరుపుకే. మొదటి తప్పుకు చెంపదెబ్బకంటె కంటిచూపు మేలని ఆటలన్నీ ఒకేసారి తెలుసుకున్నట్లున్నాయి.

మారిన నిబంధన మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 54–55 బదులు 54–54. అయిదేళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండునని పుస్తకం మీద కోపం వచ్చింది. నా తప్పును పుస్తకం మీదికి నెట్టడానికి మంచి అవకాశం మరి!

2019 వేసవిలో కొత్తపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర కాస్త లావుపాటి మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు.

“మాస్టారూ, గుర్తుపట్టారాండీ?”

నేను తడబడ్డాను.

“తొమ్మిదో నంబరండీ.”

గొంతులో ముద్ద అలాగే ఆగిపోయింది. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తున్నానని చెప్పాడు. పక్కన కూర్చుని నా విస్తరిలోకి వడ్డించమని వాళ్ళనూ వీళ్ళనూ పిలుస్తున్నాడు. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న ప్రశ్న చివరికి బైటపడింది.

“ఒక్కటి నిజం చెప్పు బాబూ. ఆ రోజు నువ్వన్నది మామూలు ‘ఆయ్’ ఏనా, వెటకారమా?”

అతను పెద్దగా నవ్వాడు. “వెటకారమేనండీ బాబూ! అయినా మీరంతలా పట్టేస్తారనుకోలేదండీ.”

గుండెల మీదనుంచి బరువు దిగింది. నేను విన్నది సరిగానే విన్నాను! పదేళ్ళుగా కావలసిన ధ్రువపత్రం చేతికి వచ్చినట్లయింది. కాని అతని మాట ఇంకా పూర్తి కాలేదు.

“కాపోతే మాస్టారూ… దగ్గరికొచ్చి ‘ఏరా, నోరు జాగర్త’ అంటే సరిపోయేదండీ. మా నాన్న అలాగే అనేవోడు. నోరు మూసుకునేవోణ్ణి.”

ఫీబా పుస్తకంలోని హెచ్చరిక నిబంధనను ఇంతకంటె తేలిక తెలుగులోకి ఎవరూ తేలేరు.

ఆ తర్వాత అతడు ఆడగా నేను చూడలేదు. నా వల్లనే మానేశాడేమోనని ఎన్నోసార్లు అనుకున్నాను. అదీ అడిగాను.

“భలేవారే! ఆ వేసంగిలోనే నాన్నకి పక్షవాతం వచ్చిందండీ. ఇంక ఆటలెక్కడివి?”

అది ఊరట అని కూడా అనలేను. ఒక మనిషి జీవితంలో నా ఈల అంత పెద్దదేమీ కాదని తెలియడం మంచిదే. కాని ఆ ఏడాది అతనికి మిగిలిన చివరి ఆటల్లో అదొకటని కూడా అప్పుడే తెలిసింది. ఏం చెప్పాలో తోచక, నిబంధన మారిందని, ఇప్పుడు టెక్నికల్‌కు ఒక్క ఫ్రీ త్రోయే ఇస్తున్నారని చెప్పాను.

క్షణం కూడా ఆలోచించలేదు. “అంటే యాభైనాలుగు, యాభైనాలుగు” అన్నాడు.

పదేళ్ళ తర్వాత, పెళ్ళిభోజనాల సందడిలో, వేళ్ళు మడవకుండా చెప్పిన లెక్క అది. మరచిపోనిది నేనొక్కణ్ణే కాదన్నమాట. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత అతను లేచి, “మాస్టారికి ఆ పూతరేకు ఇంకోటి వెయ్యండీ” అని కేకవేశాడు.

ఇప్పుడు నాకు పెద్ద ఆటలకు ఈల ఊదే ఓపిక లేదు. పండుగలకు పిల్లలు ఆడుకుంటూంటే నిలబడతాను, అంతే. మొన్నటి సంక్రాంతికి పన్నెండేళ్ళ పిల్ల ఒకతె ట్రావెలింగ్ ఊదితే ఒప్పుకోక, బంతిని నేలకేసి గట్టిగా కొట్టింది. పుస్తకం ప్రకారం ఊదవచ్చు. దగ్గరికి వెళ్ళి, మరెవరికీ వినబడకుండా, “బంతి మీద కోపమా అమ్మా, నా మీదా? ఇంకోసారి కొడితే ఊదేస్తాను, చూసుకో” అన్నాను.

ఆ పిల్ల తల ఒకపక్కకు వాల్చి, “ఆయ్” అంది.

దీర్ఘం కొంచెం ఎక్కువైందా? ఏమో, అయినట్లే అనిపించింది. నేను వెనక్కి తిరిగి, బంతి ఎవరిదో చేత్తో చూపించి, ఆట మొదలుపెట్టించాను.